ఆరో తీగ ఊపిరి

ఎండమూత గంట మోగేసరికి భ్రమర రెండు వరుసల ఒడులు తుడవడం పూర్తిచేసి మూడో వరుసలోకి వచ్చింది. కిటికీల ఇనుప రెప్పలు ఒకదాని వెనక ఒకటి మూసుకున్నాయి. మధ్యాహ్నపు ఎండకి బయట ఊరు కూడా అలాగే మూసుకుని ఉంటుంది. సాయంత్రం నీడబండ్లు కదిలేదాకా రోడ్డు మీద కాకి కూడా తిరగదు.

నిద్రశాలలో, పసిపిల్లల్ని పడుకోబెట్టే ఒడి యంత్రాల మెత్తటి పొట్టలు ఊపిరి తీస్తున్నట్టు లేస్తూ పడుతూ ఉన్నాయి. ఒక్కో ఒడిలో ఒక్కో పసిబిడ్డ పడుకుని ఉంది. వెల్లకిలా, తలగడా దుప్పటీ లేకుండా, చేతులు రెండూ తలకి అటూ ఇటూ పారేసి. భ్రమర ఒడి వేడి చూసి, అంచుకి కారిన పాలు తుడిచి, కాళ్ళ దగ్గరి పట్టీ బిగువు సరిచూసి ముందుకు జరుగుతోంది. ఒడికాపరి చేయాల్సిన పని అంతే. బిడ్డని ముట్టుకోకూడదు. అయినా ప్రతి ఒడి దగ్గరా ఆమె ఒక్క క్షణం ఆగి, చూపుడువేలు బిడ్డ ముక్కు కింద పెట్టి చూస్తోంది.

"భ్రమరా, వేలు" అని చెవిపూసలోంచి సత్యవాణి గొంతు వినిపించింది. శాలంతటినీ పైనుంచి కనిపెట్టి చూసే మేడమ్ ఆవిడ.

"దోమండి మేడమ్."

"పోయినవారం కూడా దోమేనన్నావు. దోమలు బతికే ఎండలా ఇవి?"

భ్రమర వేలు వెనక్కి తీసుకుంది. తీసుకుంది గానీ నమ్మకం కుదరలేదు. పాలు గొంతుకి అడ్డం పడొచ్చు. పట్టీ జారి మెడకి చుట్టుకోవచ్చు. ఒడి పొట్ట కదులుతోంది కాబట్టి బిడ్డ కదులుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఊపిరి ఏ గంట కిందటో ఆగిపోయి ఉండొచ్చు. యంత్రం చెబుతుంది కదా అంటారు అందరూ. యంత్రం చెడిపోయిందని ఎవరు చెబుతారు?

నాలుగో వరుస దగ్గర నేల మీద పసుపు గీత ఉంది. ఆ వరుసలో భ్రమర కూతురు కుముద నిద్రపోతోంది. ఎవరి బిడ్డ ఉన్న వరుసలోకి వాళ్ళు వెళ్ళకూడదు, తల్లి పాలవాసన తగిలితే బిడ్డ లేస్తుంది. అందుకని ఆ వరుస దుర్గ తుడుస్తుంది. దుర్గ కొడుకున్న ఎనిమిదో వరుస భ్రమర తుడుస్తుంది. ఇద్దరూ రోజూ ఒకళ్ళ బిడ్డ మూతి ఒకళ్ళు తుడిచి, ఇంటికి వెళ్ళేటప్పుడు ఒకళ్ళకొకళ్ళు కబురు చెప్పుకుంటారు.

గీత ఇవతలే నిలబడి భ్రమర చూసింది. ఆ ఒడి, పై అంతస్తులో ఎవరో వదిలే ఊపిరిని ఆరో తీగ మీదుగా అందుకుని, అదే లయలో ఊపిరి తీస్తోంది. పొట్ట పైకి లేచినప్పుడల్లా కుముద పెదవులు చిన్నగా కదులుతున్నాయి, దేన్నో చప్పరిస్తున్నట్టు, దేనికో సరేనంటున్నట్టు. తన ఒళ్ళో ఉన్నప్పుడు ఆ పిల్ల పెదవులు ఒక్కనాడూ అలా కదల్లేదు.

ఇంటి దగ్గరా అదే వరస. శాలవాళ్ళిచ్చిన చిన్న ఒడి మంచం పక్కన ఉంటుంది. దాని మీట నొక్కితేనే కుముదకి నిద్ర. ఒకసారి భ్రమర పట్టుబట్టి మీట నొక్కలేదు. నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించింది, సాంబ్రాణి వేసింది, కడుపునిండా పాలిచ్చి భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరింది. కాళ్ళ మీద వేసుకుని ఊపింది. పిల్ల విల్లులా వెనక్కి వంగిపోయి, మొహం కందగడ్డలా చేసుకుని ఏడ్చింది. ఆఖరికి భర్త వీర్రాజు లేచి మీట నొక్కాడు. ఆయన తిరిగి మంచమెక్కేలోపే పిల్ల నిద్రపోయింది.

"పడుకుంది కదా. నీకింకేం కావాలి?" అన్నాడాయన.

ఆయన మంచివాడే. కానీ ఆ మాటన్నందుకు భ్రమర చాలా రోజులు ఆయన కంచానికి కూరగిన్నె అందకుండా పెట్టింది.

కుముద పుట్టిన వారానికే, దాని ఒడికి పనికొస్తుందేమోనని భ్రమర ఊపిరి కొలిచి 'చెదురు' అని తేల్చారు. బిడ్డ ఊపిరి వినపడుతోందో లేదోనని ఆమె తన ఊపిరి బిగబడుతుంది. ఆ బిగబట్టిన చోటల్లా యంత్రం తప్పు వేసింది. మళ్ళీ కొలవమని అర్జీ పెట్టుకుంది. భయం తగ్గాక రమ్మన్నారు. తగ్గలేదు. పోయిన నెల మళ్ళీ వెళ్తే ఈసారి ఇంకా ఎక్కువ తప్పులు వచ్చాయి.

ఇవాళ్టితో కుముదకి ఏడాది నిండుతుంది. ఈ పూట నిద్రలోనే, ఏ తీగ ఊపిరికి పడుకుంటే ఆ ఊపిరే జన్మంతా నిలిచిపోయేలా ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఆరో తీగ ఊపిరి చిన్న పూసలో నింపి మెడలో కడతారు. జ్వరం వచ్చినా, బళ్ళో ఎవరైనా కొట్టినా, రేపు పెద్దదై ఏ కష్టంలో పడినా పిల్ల చెయ్యి ఆ పూస మీదికే వెళ్తుంది. ఆ ఊపిరి ఎవరిదో దానికి ఎప్పటికీ తెలియదు. భ్రమర పక్కన నిలబడి ఉంటుంది, అన్నం పెట్టే మనిషిలాగా.

"భ్రమరా, ఆరో తీగ పట్టీ వదులైనట్టుంది" అంది సత్యవాణి. "మెకానిక్ ఎండమూతలో ఇరుక్కుపోయాడు. నువ్వు పైకెళ్ళి బిగించిరా. నీ వరుసలు దుర్గ చూస్తుంది."

"ఆయ్, మేడమ్" అన్న మాట భ్రమర నోట్లోంచి తడి లేకుండా వచ్చింది.

ఏడాదిగా ఆమె ఆ మనిషిని ఊహించుకుంటూనే ఉంది. సన్నగా, నిమ్మపండు ఛాయలో, కనురెప్ప కూడా నిదానంగా వేసే మనిషి అయి ఉంటుందని. పై అంతస్తులో ఆరో గది తలుపు తోసేసరికి, గోడకి చేరగిలబడి కాళ్ళు బారజాపుకుని, రొమ్ముకి చుట్టిన పట్టీతో, చింతపండు గింజలు తీస్తూ ఒక లావుపాటి పెద్దావిడ కనిపించింది. తలుపు మీద రూతమ్మ అని పేరుంది.

"పట్టీ వదులైందంటున్నారండి" అంది భ్రమర.

"నేనే వదులు చేశానమ్మాయ్. ఒకటే దురద. బిగిద్దువుగాని, ఇలా కూర్చో. మరీ గట్టిగా లాగకు, నా పిల్లలకి ఆయాసమొస్తాది."

భ్రమర చేతులు పట్టీ మీదే ఆగిపోయాయి. "మీ పిల్లలా?"

"మరెవరి పిల్లలు? వాళ్ళకి ఊపిరి పోసేది నేను కాదూ? పచ్చిమిరపకాయ కొరికి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. మా తోడికోడలు పదిమందిలో నన్ను నానా మాటలూ అంటే నోరెత్తలేదు. ఎందుకు? ఇక్కడ గుండె దడదడలాడితే అక్కడ వాళ్ళు లేస్తారని. కన్నవాళ్ళు చేస్తారా అంత?"

"మీకు సొంత పిల్లలు..."

"లేరు. ఉంటే ఈ నిదానం ఎక్కడిది? కన్నదాని ఊపిరి దేనికీ పనికిరాదని మేడమ్ గారే చెప్పారు." రూతమ్మ ఒక గింజ తీసి గిన్నెలో వేసింది. "కింద ఎలా ఉంటారమ్మాయ్ వాళ్ళు? నన్నెప్పుడూ దిగనివ్వలేదు. పట్టీ ఉంది కదా, అది ఒక్కొక్కరినీ నా గుండె మీద తట్టి చెబుతాది. అందులో ఒకత్తి ఉంది. ఆడపిల్లేనని నా అనుమానం. నేను వదిలిన ఊపిరి వదిలినట్టే అందుకుంటాది. దానికి నేనంటే పిచ్చి."

భ్రమర పట్టీ బిగించింది. కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే బిగించింది.

"దానికి ఇవాళ్టితో ఏడాది" అంది. "అది నా కూతురు."

చింతపండులో రూతమ్మ చేతులు ఆగాయి. "పేరు?"

"కుముద. మిమ్మల్ని చూస్తే ఏడుస్తుంది. కొత్త మొహం ఏది చూసినా ఏడుస్తుంది. మీరెవరో దానికి తెలీదు."

"తెలుసు" అంది రూతమ్మ, కోపం లేకుండా.

ఆ కోపం లేకపోవడమే భ్రమర తట్టుకోలేకపోయింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఈవిడ చేతుల్లో పిల్ల గుక్కపట్టి ఏడవడం చూడాలి. అది చూశాక ముద్ర పడితే పడనీ.

"అయితే రండి. చూద్దురుగాని."

రూతమ్మ చేతులు కడుక్కుని, కడుక్కున్న చేతులు మళ్ళీ వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంది. రొమ్ముకున్న పట్టీతోనే మెట్లు దిగుతుంటే ఆమె ఊపిరి వేగం పెరిగింది. కింద ఆరో తీగ ఒడుల పొట్టలు అదే వేగంతో లేచాయి. అక్కడొక కాలు, ఇక్కడొక చెయ్యి కదిలాయి. ఏడో వరుస చివర నుంచి దుర్గ తలెత్తి చూసింది.

పసుపు గీత దగ్గర భ్రమర ఆగింది. "నేను రాకూడదు. అదిగో, ఆ మూల ఒడి. తీసుకోండి."

రూతమ్మ వంగి పిల్లని ఎత్తుకుంది. కుముద కళ్ళు తెరిచింది. ముడతలుపడిన కొత్త మొహాన్ని చూసింది. కింది పెదవి వంకర తిరిగింది. గీత ఇవతల భ్రమర మొహం విప్పారింది. ఏడువమ్మా, నా తల్లీ, ఏడువు.

పిల్ల చెంప రూతమ్మ రొమ్ముకి ఆనింది. ఆ రొమ్ము పైకి లేచి కిందికి దిగింది. వంకర పోయిన పెదవి సర్దుకుంది. కుముద కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా ఆ మనిషి మీదికి వదిలేసింది. పెదవులు చిన్నగా కదిలాయి.

ఇన్నాళ్ళూ భ్రమర యంత్రం మీద అసూయ పడింది, దానికి కళ్ళూ ముక్కూ లేవని సర్దిచెప్పుకుంది. ఇప్పుడా సర్దుబాటు కూడా లేదు.

రూతమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె వెక్కింది. వెక్కు తగలగానే ఆరో తీగ మీదున్న మిగతా పిల్లలు అందరూ ఒకేసారి లేచి ఏడ్చారు.

"ఆరో తీగ శాలలోకి ఎందుకొచ్చింది?" సత్యవాణి గొంతు ఈసారి గోడల్లోంచే వచ్చింది. "ఎవరు దింపారావిడ్ని?"

"నేనేనండి" అంది భ్రమర.

ఏడుస్తున్న పిల్లల ఒడులు ఒక్కసారి ఆగి, వేరే లయలో లేవడం మొదలుపెట్టాయి. ఏడుపులు సన్నగిల్లాయి. ఒక్కొక్కరే నిద్రలోకి జారుకున్నారు.

రూతమ్మ అటూ ఇటూ చూసింది. "ఎవరిదది?"

"అయిదో తీగ. కాసులమ్మ గారిది."

"కాసులమ్మదా? అది గురక పెడతాదమ్మా." ఆవిడ మొహం చిన్నబోయింది. "అప్పుడే పడుకున్నారే. నన్ను ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు."

భ్రమరకి జాలి వేయలేదు. ఇప్పుడు తెలిసిందా అనుకుంది.

"వినండి ఇద్దరూ" అంది సత్యవాణి. "ముద్ర వేళ మొదలైంది. పిల్లని ఒడిలో పెట్టండి. రూతమ్మగారూ, పైకెళ్ళి మీ తీగ అందుకోండి. భ్రమరా, నువ్వు గీత వెనకే ఉండు. ఇది మొదటి తప్పు కింద వదిలేస్తాను."

రూతమ్మ పిల్లని మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టింది. చెయ్యి వెంటనే తీయలేకపోయింది. గీత దాటి వస్తూ భ్రమర భుజం తట్టింది.

"నువ్వేం బెంగపెట్టుకోకమ్మాయ్. పైకెళ్ళి దానికి మంచి ఊపిరి పోస్తాను. నీ పేరు తలుచుకుని మరీ పోస్తాను."

ఆ మాట మంచి మనసుతో అన్నదే. చెడ్డ మనసుతో అని ఉంటే భ్రమర గీత వెనకే ఉండిపోయేదేమో. ఆమె పసుపు గీత దాటింది. ఒడి దగ్గరికి వెళ్ళి కూతుర్ని ఎత్తి భుజాన వేసుకుంది.

కుముద లేచింది. ఒక్క క్షణం ఊరుకుని, తర్వాత శాల పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. వెనక్కి వంగింది, కాళ్ళతో తన్నింది, చేతికందిన జుట్టు పట్టి లాగింది. ఖాళీ ఒడి మాత్రం ఎవరికోసమో లేస్తూ పడుతూ ఉంది.

"భ్రమరా, కింద పెట్టు. ముద్ర పడని పిల్లని ఏ శాలా చేర్చుకోదు. రేపట్నుంచి దీన్నెక్కడ పడుకోబెడతావు? నీ ఉద్యోగం సంగతేంటి? ఈ పిల్ల జన్మలో నిదానంగా నిద్రపోదు, తెలుసా?"

భ్రమరకి అంతకన్నా ఎక్కువే తెలుసు. నిద్రలేక పిల్ల చిక్కిపోవచ్చు. జబ్బు చేయొచ్చు. ఎండమూతలో ఇంట్లో చల్లదనం చాలక వడదెబ్బ తగలొచ్చు. అలసిపోయి తానే కునికి, పిల్లని చేతుల్లోంచి జారవిడిచేయొచ్చు. ఒక్కొక్కటీ కళ్ళముందు జరిగిపోతున్నట్టే ఉంది. అయినా పట్టు బిగించింది.

"గుక్క పట్టేస్తాది, ఇలా ఇయ్యమ్మా" అని రూతమ్మ రెండు చేతులూ చాపింది. "ఒక్క నిమిషంలో పడుకుంటాది."

"తెలుసండి" అంది భ్రమర. "అందుకే ఇవ్వను."

రూతమ్మ చేతులు దించుకుంది. వరుసల మధ్య భ్రమర అటూ ఇటూ నడిచింది. పిల్ల చీమిడీ కన్నీళ్ళూ కలిసి ఆమె మెడ మీద కారుతున్నాయి. ఏడుపు తగ్గలేదు. ఆమె తగ్గించడానికి పాట కూడా పాడలేదు.

చాలాసేపటికి సత్యవాణి మాట్లాడింది. ఈసారి ఆవిడ గొంతులో అధికారం కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

"ముద్ర వేళ అయిపోయింది. ఏ తీగ అని యంత్రం అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

"నిద్రపోలేదని చెప్పండి మేడమ్. వాళ్ళమ్మ దగ్గర మెలకువగా ఉందని చెప్పండి."

"అలా చెప్పడానికి ఇందులో చోటు లేదు భ్రమరా." వెంటనే గొంతు మార్చి, "దుర్గా, అక్కడేం చేస్తున్నావు? వెనక్కి రా" అంది.

దుర్గ ఎనిమిదో వరుస గీత లోపల, కొడుకు ఒడి పక్కన నిలబడి ఉంది. పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడు. దుర్గ వాడివైపు చూడటం లేదు. భ్రమర జుట్టు పట్టుకుని ఏడుస్తున్న కుముద వైపు రెప్ప వేయకుండా చూస్తూ, కొడుకు కాళ్ళ దగ్గరి పట్టీ విప్పుతోంది.