మక్బూల్ చివరి మాట

మంగళవారం ఉదయం 7.40. ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో కడుతున్న బట్టల షాపు. రెండో అంతస్తులో తాపీ మేస్త్రీ మక్బూల్ నెత్తురు మడుగులో పడి ఉన్నాడు. తల ఎడమవైపు పగిలింది. అడ్డం పెట్టిన కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి.

సిమెంటు మాలు మోసుకుంటూ మెట్లెక్కిన కూలీ నాగేశ్వరమ్మ మొదట చూసింది. నెత్తి మీది బొచ్చె జారవిడిచి పరుగెత్తింది. అతడి తల ఒళ్లోకి తీసుకుంది.

"ఎవరు కొట్టిందన్నా?"

"చాబీ..." అన్నాడు మక్బూల్. మళ్లీ అన్నాడు. "చాబీ..."

మూడోసారి అనలేదు.

ఆ మాట పది నిమిషాల్లో సైట్ అంతా పాకింది. చాబీ అంటే తాళంచెవి. సైట్‌లో తాళంచెవుల గుత్తి ఒక్కడి దగ్గరే ఉంటుంది. స్టోర్ కీపర్ వెంకటేశు. సిమెంటు బస్తాలు వానకు తడిసినందుకు ముందురోజే అతడూ మక్బూలూ కాలర్లు పట్టుకున్నారు.

సీఐ శ్రీవాణి జీపు దిగేసరికి 8.25. అప్పటికే వెంకటేశును సెంట్రింగ్ గుంజకు కట్టేసి పదిమంది కొడుతున్నారు. దవడ పక్కకు జరిగింది. రెండు పళ్లు ఇసుకలో పడి ఉన్నాయి.

శ్రీవాణి లాఠీ రెండుసార్లు లేచింది. గుంపు చెదిరింది.

"వాడే మేడం! మక్బూలన్న సచ్చేముందు చెప్పినాడు!" అరిచాడు కడ్డీలు కట్టే మేస్త్రీ యోగేష్. అతడి పిడికిలి నిండా వెంకటేశు నెత్తురు. వెంకటేశుకు బేడీ వేసి ఆసుపత్రికి తరలించారు.

మధ్యాహ్నం 3.00. పోస్ట్‌మార్టం గది.

"సుత్తేనా డాక్టర్?"

"కాదు. పుర్రె మీద రెండు గుండ్రటి గుంతలున్నాయి. మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం. ఒకే లోతు, ఒకే వాలు."

"అంటే?"

"దెబ్బ ఒక్కటే. ఆ ఇనుముకు మొనలు రెండు."

సాయంత్రం 5.15. మక్బూల్ భార్య కౌసర్ గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లలో తడి లేదు.

"మీ ఆయన సైట్ గురించి ఏమైనా చెప్పాడా?"

"జమ్మలమడుగులో బాల్కనీ కూలింది గదా మేడం, ఇద్దరు సచ్చిపోయిరి. ఆడ చేసిన తప్పే ఈడ కూడా చేస్తాండారు అన్నాడు."

"ఎవరు?"

"పేరు చెప్పల్యా. పొద్దున్నే పోయి విప్పిస్తా అన్నాడు. అంతే."

బుధవారం ఉదయం 9.20. జమ్మలమడుగు. కూలిన బాల్కనీ శిథిలాలను శ్రీవాణి గంటసేపు చూసింది. పక్క సైట్‌లో ఒకాయన కడ్డీలు వంచుతున్నాడు. చేతిలో రెండడుగుల ఇనుప పిడి. దాని చివర రెండు పొట్టి గుండ్రటి ముక్కలు వెల్డింగ్ చేసి ఉన్నాయి. వాటి మధ్య కడ్డీ ఇరికించి లాగుతున్నాడు. కడ్డీ వంకీ తిరుగుతోంది.

ఆమె జేబులోంచి టేపు తీసి ఆ ముక్కల ఎడం కొలిచింది. రెండు సెంటీమీటర్లు.

"దీన్ని ఏమంటారప్పా?"

అతడు చెప్పాడు. ఆమె రెండోసారి చెప్పించుకుంది.

ఫోన్ మోగింది. హెడ్ కానిస్టేబుల్ మల్లికార్జున.

"మేడం, సైట్‌లో స్లాబ్ వేస్తాండారు. కాంక్రీట్ లారీ వచ్చేసింది."

"ఎవరు ఒప్పుకున్నారు?"

"ఎస్సై గారు. ముద్దాయి దొరికినాడు గదా అని."

"లారీకి అడ్డంగా జీపు పెట్టు. నేను వస్తున్నా."

11.25. అందరినీ స్లాబ్ మీదికి పిలిచింది శ్రీవాణి.

"ఎవరి పనిముట్లు వాళ్లు ముందు పెట్టండి. పేర్లు చెప్పండి."

"తాపీ. రసమట్టం. తూకం గుండు," అన్నారు మేస్త్రీలు.

"సుత్తి, రంపం, మూలమట్టం," అన్నాడు సెంట్రింగ్ పనివాడు.

యోగేష్ పట్టకారు పెట్టాడు. వైరు తిప్పే కొక్కెం పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"కడ్డీ వంచేదేది?"

"పోయింది మేడం. వారమాయె."

"అబద్ధమెందుకప్పా?" నాగేశ్వరమ్మ అడ్డుపడింది. "సోమవారం సాయంత్రం కూడా దాంతోనే వంచుతాంటివి గదా!"

"దాని పేరేంటి?" శ్రీవాణి యోగేష్‌నే చూస్తూ అడిగింది.

యోగేష్ మెట్ల వైపు చూశాడు. సెంట్రింగ్ పనివాడే చెప్పాడు.

"చాబీ, మేడం. కడ్డీల పనోళ్లు దాన్ని చాబీ అంటారు. ఆ పొద్దు నాకు తట్టల్యా."

నాగేశ్వరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుని కూలబడింది.

"మక్బూల్ చెప్పింది తాళంచెవి గురించి కాదు. తన తల పగలగొట్టిన ఇనుము గురించి," అంది శ్రీవాణి.

ఆమె బాల్కనీ కడ్డీల మీదికి నడిచింది. అడ్డం, నిలువు కడ్డీల వల. వంగి ఒక్కొక్క వరసా చూసింది. వల అడుగున, బైండింగ్ వైరుతో గట్టిగా కట్టేసిన రెండడుగుల ఇనుము కనిపించింది. చివర రెండు పొట్టి ముక్కలు. వాటి మధ్య గడ్డకట్టిన నెత్తురు, వెంట్రుకలు.

"లారీ ఒక్కసారి ఒంపితే ఇది జన్మలో బయటికి రాదు. కదా యోగేష్?"

యోగేష్ కడ్డీ ముక్క అందుకున్నాడు. మొదటి దెబ్బ మల్లికార్జున భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండో దెబ్బను శ్రీవాణి వంగి తప్పించుకుంది. ఆమె లాఠీ అతడి మోకాలి చిప్పను పగలగొట్టింది. ముందుకు పడుతూ అతడు చేయి ఆన్చాడు. నిలబెట్టిన పిల్లర్ కడ్డీ అరచేతిలో దిగి వెనక నుంచి బయటికొచ్చింది.

అతడు కేకలు పెడుతుండగానే ఆమె అడిగింది.

"జమ్మలమడుగులో కడ్డీలు కట్టింది నువ్వేనా?"

"నేనే..."

"కింద ఆధారం లేని బాల్కనీకి ముఖ్యమైన కడ్డీలు పై వరసలో ఉండాలి. నువ్వు కింద కట్టావు. ఇక్కడా అంతే. మక్బూల్ ఏమన్నాడు?"

"ఇప్పమన్యాడు. ఇప్పకపోతే జమ్మలమడుగు సంగతి స్టేషన్లో చెప్తానన్యాడు. జైలుకు పోతానని భయమేసింది మేడం. ఆయప్ప అటు తిరిగినాడు అనుకుని కొడితిని. ఇటు తిరిగి చెయ్యి అడ్డం పెట్టినాడు."

సాయంత్రం 4.00. ఆసుపత్రిలో వెంకటేశు మంచం దగ్గర కానిస్టేబుల్ బేడీ విప్పాడు. దవడకు తీగలు కట్టి ఉన్నాయి. గుమ్మంలో నాగేశ్వరమ్మ. ఆమె వెనక సైట్ పనివాళ్లు, చేతుల్లో కొబ్బరిబోండాలు.

"నేను ఇన్నదే చెప్పినా అప్పా," అంది ఆమె ఏడుస్తూ. "వేరే అర్థముందని నాకు తెల్దు."

వెంకటేశు చేతి సైగతో కాగితం అడిగాడు. మెల్లగా రాశాడు. ఆమెకు చదువు రాదు. పక్కనే ఉన్న శ్రీవాణి చదివి వినిపించింది.

"నువ్వు విన్నది చెప్పావు. నీ తప్పేం లేదు. వీళ్లు నన్ను ఒక్క మాట అడగలేదు. వీళ్లను బయటికి పొమ్మను."

పనివాళ్లు బోండాలు గుమ్మం పక్కన పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగారు.