అర నిమిషం నిశ్శబ్దం

"మీకేమైనా మెడ నొప్పా?"

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే. అదీ మైక్‌లో, డైరెక్టర్ గారు నా పక్కనే కూర్చుని ఉండగా.

"లేదండీ," అన్నాను తల ఎత్తకుండానే.

"మరి ఆ బల్ల మీద ఏం వెతుకుతున్నారు?"

డైరెక్టర్ గారు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా తల ఎత్తలేదు. ఎత్తలేను మరి.

సంగతేమిటంటే, అది దెయ్యం సినిమా. నలుగురు కాలేజీ పిల్లలు సెలవుల్లో ఏమీ తోచక, టేబుల్ మీద గ్లాసు బోర్లించి, తలో వేలూ పెట్టి ఆత్మని పిలుస్తారు. సరదాకి పిలిస్తే నిజంగానే వస్తుంది. ఆ వచ్చిన ఆత్మకి గొంతు ఈ అమ్మాయిది. డబ్బింగ్ గది అద్దానికి అటువైపు ఆమె, ఆ అద్దానికి సరిగ్గా పైన పెద్ద స్క్రీన్. స్క్రీన్ నిండా ఆత్మ, జుట్టు విరబోసుకుని, కళ్ళు లేకుండా.

నేను సౌండ్ ఇంజనీర్‌ని. స్టూడియో మా అక్కది. నాకు దెయ్యాలంటే చచ్చేంత భయం. ఈ రహస్యం అక్కకి తప్ప ఎవరికీ తెలీదు. ఇరవై ఏడేళ్ళు వచ్చాక చెప్పుకునే సంగతా ఇది? శబ్దం ఎంత భయంకరంగా ఉన్నా నాకు ఫరవాలేదు, బొమ్మే చూడలేను. అందుకే బల్ల మీది సౌండ్ మీటర్లకే కళ్ళు అతికించుకుని పని కానిచ్చేస్తుంటాను.

ఆమెకి ఇదంతా ఏం తెలుసు? నాకు పొగరనుకుంది. రెండో రోజుకల్లా "మౌనస్వామి గారూ, మొదలుపెట్టమంటారా?" అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు వినడానికే నేను పావుగంట ముందొచ్చి కూర్చుంటున్నానని నాకు మాత్రం ఏం తెలుసు?

ఇప్పటిదాకా ఆమె హీరోయిన్ పక్కన నవ్వే ఫ్రెండ్స్‌కీ, పిల్లల కార్టూన్లలో కుందేళ్ళకీ గొంతిచ్చింది. టైటిల్స్‌లో పేరు పడే అవకాశం ఇదే మొదటిది. పాపం, చేయాల్సిందంతా చేసింది. గుర్రుమంది, కేకలు పెట్టింది, వికటంగా నవ్వింది. డైరెక్టర్ గారు ప్రతిసారీ తల అడ్డంగా ఊపారు.

"భయం రావట్లేదమ్మా. కుందేలుకి కోపం వచ్చినట్టుంది."

మూడో రోజు మధ్యాహ్నం ముప్ఫై ఒకటో టేక్ కూడా పోయింది. ఆయన లేచి వరండాలోకి నడిచారు.

మా స్టూడియోలో ఒక పద్ధతుంది. ప్రతి రికార్డింగ్ చివరా ఖాళీ గదిని అర నిమిషం రికార్డు చేస్తాం. మాటకీ మాటకీ మధ్య ఆ నిశ్శబ్దాన్నే అతికిస్తాం. అలవాటు కొద్దీ బటన్ నొక్కి, హెడ్‌ఫోన్స్ అక్కడ పడేసి ఆయన వెనకాల పరిగెత్తాను. మైక్ ఆన్‌లో ఉందని ఆమెకి చెప్పడం మర్చిపోయాను.

"ఇంకొక్క గంట ఇవ్వండి సార్."

"వినీ వినీ నీకు అలవాటైపోయింది బాబూ. చివరి టేక్ బొమ్మతో వేసి చూపించు. అదీ నచ్చకపోతే రేపు వేరే ఆవిడని పిలుస్తాను."

లోపలికొచ్చాం. అక్క కూడా వచ్చి కూర్చుంది. ఆమె తలుపు దగ్గరే నిలబడింది, బ్యాగు భుజానికి తగిలించుకుని. కళ్ళు గట్టిగా మూసుకుని, లిస్టులో అన్నిటికన్నా కిందున్నది నొక్కేశాను.

గ్లాసు కదిలిన చప్పుడు. "ఎవరైనా వచ్చారా?" అని ఒక కుర్రాడి గొంతు. తర్వాత ఆమె గొంతు, నీరసంగా, మెల్లగా.

"ఇక్కడే ఉన్నానుగా. మూడు రోజులుగా ఇక్కడే ఉన్నాను. ఒక్కసారి ఇటు చూస్తే నీ సొమ్మేం పోతుంది?"

డైరెక్టర్ గారు చొక్కా చెయ్యి పైకి లాగి, నిక్కబొడుచుకున్న రోమాలు చూసుకున్నారు.

"ఇదే కావాలి నాకు! ఇది ఎప్పుడు చెప్పావమ్మా?"

నేను వెనక్కి తిరిగేసరికి తలుపు ఊగుతోంది. ఆమె లేదు. నేను వేసింది టేక్ కాదు, అర నిమిషం నిశ్శబ్దం. అందులో ఆమె మాట్లాడింది.

అక్క నా మొహంలోకి చూసింది. "ఒరేయ్ చెవులూ, మూడు రోజులుగా అటు చూడనిది ఎవర్రా?"

చిన్నప్పటి నుంచీ నా చెవులు చురుకని ఆ పేరు. బుర్ర సంగతి ఎప్పుడూ అనలేదు.

మెట్ల కింద దొరికింది ఆమె. బయట వాన దంచి కొడుతోంది, గొడుగు లేదు కాబట్టి ఆగింది.

"దొంగతనంగా రికార్డు చేస్తారా?"

"నిజంగా పొరపాటండీ. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెరిపేస్తాను."

"చెరిపేస్తే నా వేషం పోతుంది. ఉంచితే పరువు పోతుంది. బాగుంది వరస!" కళ్ళు తుడుచుకుంది. "నా గొంతు అంత చెత్తగా ఉందా? ఒక్కసారైనా తల ఎత్తరేం?"

"మీ నెత్తి మీద దెయ్యం ఉందండీ."

ఉలిక్కిపడి పైకి చూసింది.

"ఇక్కడ కాదు, స్క్రీన్ మీద. నాకు భయం. చిన్నప్పటి నుంచీ."

నా మొహం చూసి ఫక్కున నవ్వింది. గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వనిచ్చాను. తర్వాత ఇంక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"అందరి మాటల్లోంచీ ఊపిరి చప్పుడు కత్తిరించేస్తానండీ. అదే నా పని. మీది ఒక్కటి కూడా తీయలేదు. మీరు మాట మొదలుపెట్టే ముందు చిన్నగా ఊపిరి పీలుస్తారు. అది వినబడితే నాకు ఆ పూటకి చాలు. మీరంటే నాకు ఇష్టం."

నవ్వు ఆగింది. భుజానికున్న బ్యాగు తీసి నా చేతిలో పెట్టింది.

"సరే, ఉంచండి," అంది. "కానీ ఇంకా నాలుగు డైలాగులున్నాయి. అవి ఇలాగే రావాలంటే మీరు ఎదురుగా నిలబడాలి. తల ఎత్తి."

నిలబడ్డాను. అద్దానికి అటు ఆమె, పైన కళ్ళు లేని ఆత్మ. మిషన్ దగ్గర అక్క కూర్చుంది. భయం పోలేదు గానీ, చూపు తిప్పుకోలేదు. ఆమె కూడా కాగితం చూడకుండా నాలుగూ నాకే చెప్పింది.

డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. అక్క లోపలికి వినబడే బటన్ నొక్కింది.

"అమ్మాయ్, మీ అమ్మగారి నంబరివ్వు. మా వాడు తేల్చేలోపు ముసలాడైపోతాడు, నేనే మాట్లాడతాను."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. నా వైపు చూస్తూనే మైక్‌కి దగ్గరగా జరిగి, ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పింది. అక్క రాసుకుంది.