ఎనిమిది అక్షరాల పగ

కడప రైల్వే స్టేషన్ దగ్గర, పట్టపగలు, నాపరాళ్ల లారీ ఒకటి తిమ్మన్న స్కూటర్‌ను గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ప్రమాదమని రాసుకున్నారు పోలీసులు. హత్యేనని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

తిమ్మన్న సీక్రెట్ ఏజెంట్. తుమ్మలపల్లె చుట్టూ యురేనియం కోసం వేసిన బోర్ల ఫలితాలన్నీ ఒక పాత కంప్యూటర్లో ఉన్నాయి. దాని కాపలా అతనిదే. అతను పోయిన రోజే ఆ కంప్యూటర్ కూడా మాయమైంది. ఇంకో కాపీ లేదు.

కర్నూలు ఆఫీసులో చీఫ్ రాఘవేంద్రప్రసాద్ ఎదురుగా కూర్చున్నాడు ఓబుళేశు. అతనూ ఏజెంటే. పైగా తిమ్మన్నకు సొంత బావమరిది.

"కొనేవాడు డిక్సన్, విదేశీ ముఠా మనిషి. కడప బయట రాళ్ల పాలిష్ షెడ్డులో మకాం. వాడి పక్కన పద్మప్రియ."

"మన ఏజెంట్ పద్మప్రియనా సార్?"

"మనదే అనుకున్నాం. తిమ్మన్న ఏ దారిన వస్తాడో లారీవాళ్లకు చెప్పింది ఆమే."

పాడె లేచేటప్పుడు అక్క లక్ష్మక్క పెట్టిన శోకం ఇంకా ఓబుళేశు చెవుల్లోనే ఉంది.

"పగ పక్కన పెట్టు. డేటా ముఖ్యం."

"పెట్టను సార్. రెండూ సాధించుకొనే వస్తా."

చీఫ్ నిట్టూర్చాడు. "ఆ కంప్యూటర్లోది విండోస్ రాకముందు డాస్ కాలం నాటి సాఫ్ట్‌వేర్. డేటా బయటికి తీసే మనిషి కోసం పద్మప్రియ వెతుకుతోంది. మీరిద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు, నీ ముఖం ఆమెకు తెలియదు. పని కాగానే ఈ పెన్ను క్యాప్ తిప్పు, మాకు సిగ్నల్ అందుతుంది. షెడ్డు చుట్టుముట్టాక కరెంటు తీస్తాం."

"కడపలో కరెంటు ఊరికే పోతాంటాది సార్. మీరేనని ఎట్ల తెలిసేది?"

"పోయిన వెంటనే తిరిగొస్తే మేమే."

రెండు రోజులకు ఓబుళేశు కాస్తా కంప్యూటర్ రిపేరీ గోపన్న అయ్యాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు, చేతిలో తుప్పు పట్టిన టూల్ బాక్స్. దానికి అడుగున దొంగ అర.

షెడ్డులో పద్మప్రియ గుప్పున సెంటు వాసనతో ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర. బావను చంపించిన చేతులకు బంగారు గాజులు! అక్కడికక్కడే గొంతు పిసకాలనిపించింది ఓబుళేశుకు. తల వంచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఏమప్పా, శానా సేపు పడుతుందా?"

"ముందు ట్రయల్ చూస్తాండా మేడమ్. మీరు సారును పిలుచుకు రాండి."

ఆమె వెళ్లగానే వేళ్లు పరుగెత్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఫైలు పేరులో ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే తీసుకుంటుంది, మిగతావి చెప్పాపెట్టకుండా కత్తిరిస్తుంది. అందుకని ఒక్కో బోరును టి1, టి2, టి3 అంటూ పొట్టి పేర్లతో ఫ్లాపీలోకి తీశాడు. ఏ పేరు ఏ బోరుదో ఇంకో చిన్న ఫైల్లో పెట్టాడు. ఫ్లాపీ దొంగ అరలోకి జారింది.

డిక్సన్ వచ్చాడు. ఓబుళేశు అమాయకంగా అడిగాడు. "సారూ, పేర్లు పొట్టిగా పెట్టాల్నా, పూర్తిగానా?"

"ఫుల్ నేమ్స్. ఒక్క లెటర్ తగ్గకూడదు," అన్నాడు డిక్సన్ వచ్చీరాని తెలుగులో.

మన ఇంటిపేరు ముందుండేట్టే, సర్వేవాళ్లు బోరు పేరుకు ముందు ఊరి పేరు పెడతారు. ప్రతి బోరూ తుమ్మలపల్లెతోనే మొదలు. ఇంగ్లీషులో ఆ ఊరి పేరే ఎనిమిది అక్షరాలు దాటుతుంది. ఎనిమిది అక్షరాలకు కత్తిరిస్తే అన్నిటికీ ఒకే పేరు మిగులుతుంది. పాత ఫైలు చెరపమంటావా అని అడిగే వార్నింగ్‌ను ఓబుళేశు ముందే ఆపేశాడు. కొత్త ఫ్లాపీ పెట్టి డిక్సన్ కళ్ల ముందే పూర్తి పేర్లు కొట్టాడు. కాపీ అయింది, కాపీ అయింది అని తెర చెబుతూనే ఉంది. వచ్చిన ప్రతి ఫైలూ ముందుదాన్ని మింగేసింది.

"గుడ్. ఇంకెవరికీ దొరకకూడదు," అంటూ డిక్సన్ హార్డ్ డిస్కును ఊడబీకించి, రాళ్లు కొట్టే సమ్మెటతో తానే నుజ్జు చేశాడు. "ప్రియా, ఫ్లాపీ చెక్ చెయ్."

ఓబుళేశు పెన్ను క్యాప్ తిప్పాడు.

పద్మప్రియ లాప్‌టాప్‌లో ఫ్లాపీ తెరిచింది. ఒక్కటే ఫైలు. ఆమె ముఖం పాలిపోయింది.

ఓబుళేశు వంగి గుసగుసలాడాడు. "తిమ్మన్న మా బావ. నన్ను ఈడికి పిలిపించింది నువ్వే. చెప్తావా మీ సారుకు?"

నోరు విప్పితే డిక్సన్ ముందు ఆమెనే కాలుస్తాడు. విప్పకపోతే రేపు ముఠావాళ్లు కాలుస్తారు.

"ఎన్ని ఫైల్స్?" అడిగాడు డిక్సన్.

"అ... అన్నీ ఉన్నాయి సార్."

అనుమానం వచ్చి డిక్సన్ లాప్‌టాప్‌ను తన వైపు లాక్కున్నాడు. చూశాడు. పిస్తోలు ఆమె నుదుటికి ఆనింది.

ఫ్యాన్లు ఆగాయి. అంతలోనే గిర్రున తిరిగాయి.

ఓబుళేశు టూల్ బాక్స్ విసిరాడు. డిక్సన్ గురి తప్పి గుండు రేకుల్లోంచి పోయింది. తలుపులు విరగ్గొట్టుకుని వచ్చారు కమాండోలు.

"నా ప్రాణం కాపాడావప్పా," అంది పద్మప్రియ, చేతికి బేడీలు పడుతుంటే.

"నీ కోసం కాదు. మా అక్క కోర్టులో నీ ముఖం చూడాల."

సాయంత్రం కర్నూలులో చీఫ్ ఫ్లాపీ తెరిచి చూసుకున్నాడు. "అన్నీ ఉన్నాయి! టి అంటే తుమ్మలపల్లేనా?"

"తిమ్మన్న సార్," అన్నాడు ఓబుళేశు.

చీఫ్ ఫ్లాపీని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "మరి పద్మప్రియ?" అన్నాడు చివరికి.

"జైల్లో నంబరే ఇస్తారు సార్. ఎంత పొడుగు పేరైనా ఇబ్బంది లేదు."