మూతల కింద ప్రపంచం

"మీ ఆవిడ పొద్దున్నే కందిపప్పుతో మాట్లాడుతోందిరా ఆనందం," అంది దీనమ్మ కొడుకుతో, అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ.

కృపానందం వినిపించనట్టు పేపరు తిప్పాడు. వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడు, వెంటనే లీలావతి గొంతు. "పదిహేడొందల ఎనభై తొమ్మిది, జూలై పధ్నాలుగు, బాస్టీలు కోట పడింది." మూత పెట్టిన చప్పుడు. ఇంకో మూత. "పద్దెనిమిదొందల అరవై ఎనిమిది, జపానులో చక్రవర్తి చేతికి మళ్ళీ అధికారం." తర్వాత ఆవాలు చిటపటలాడాయి.

అల్లవరంలో ఆ ఇంటి వంటగది గురించి అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు. ప్రతి డబ్బా మూత లోపలా అన్నం మెతుకులతో అంటించిన ఒక చీటీ ఉంటుంది. ఎప్పుడోగాని దించని పై అరలో ప్రాచీన యుగం: ఊరగాయ జాడీలో ఈజిప్టు, చింతపండు జాడీలో రోము. మధ్య అరలో మధ్యయుగం. రోజూ చేతికి తగిలే కింది అరలో ఆధునిక యుగం. మెంతుల డబ్బా తీస్తే చైనాలో నల్లమందు యుద్ధం మొదలవుతుంది. ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలతో వేగి, ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చునే లీలావతికి పుస్తకం పట్టుకునే తీరికేదీ? అందుకని వంట చేస్తూనే ప్రపంచాన్ని చదివేసేది.

ఇదంతా మొదలెట్టించింది మాత్రం కృపానందమే. హైస్కూల్లో సోషలు మాస్టారు. ప్రైవేటుగా ఎమ్మే హిస్టరీ కట్టి మొదటి ఏడాది ఒకసారి తప్పాడు. రెండోసారి కట్టేటప్పుడు, "నువ్వూ కట్టు లీలా, నేను అప్పజెబుతుంటే వినడానికి ఒకళ్ళుండాలి కదా," అన్నాడు. ఆయ్, అలాగేనండీ, అందామె. చదువులో తోడు కోసం కట్టించాడు గానీ, తోడుగా వచ్చిన మనిషి తనని దాటిపోతుందని కలలో కూడా అనుకోలేదు పాపం.

మొదటి ఏడాది మార్కులొచ్చాయి. లీలావతికి నూటికి అరవై ఒకటి. కృపానందానికి నలభై ఏడు. హెడ్మాస్టరు కామేశ్వరరావుగారు స్టాఫు రూములో అందరిముందూ, "ఏవండీ కృపానందంగారూ, ఇంతకీ మీ ఇంట్లో గురువుగారు ఎవరండీ?" అన్నారు. అందరూ నవ్వేరు. కృపానందమూ నవ్వేడు. ఆ నవ్వు ముఖం వరకే. అప్పట్నుంచీ వంటింట్లో మూత చప్పుడైతే చాలు, ఒళ్ళు మండేది. పప్పులో ఉప్పు తగ్గిందనేవాడు. తగ్గకపోయినా అనేవాడు.

ఆ శనివారం పొద్దున పోస్ట్‌మాన్ సింహాద్రి సైకిలు దిగి, "మాస్టారండీ, యూనివర్సిటీ నుంచండీ," అంటూ ఒక కవరు ఇచ్చాడు. లీలావతి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. చివరి ఏడాది పరీక్షలకి కృపానందం హాల్ టికెట్టు. ఏప్రిల్లో కాకినాడలో రాయాలి.

"ఇంకోటి సింహాద్రిగారూ?"

"ఒకటేనండమ్మా."

సంచీ మళ్ళీ వెతకమంది. అతను ఓపిగ్గా వెతికాడు. లేదు.

"నావల్లే అయ్యుంటదండీ," అంది లీలావతి, మొగుడి వైపు తిరిగి. "ఫోటో వెనకాల పేరు రాయడం మర్చిపోయుంటాను. లేకపోతే సంతకం. ఎంత పని చేశానండీ!" అని అక్కడే స్తంభానికి ఆనుకుని కూలబడింది. ఏడాదంతా పొగలో కళ్ళు మంటెత్తినా రాని నీళ్ళు ఇప్పుడు బొటబొటా కారాయి.

 ఆమె ఏదీ మర్చిపోలేదని కృపానందానికి తెలుసు. జనవరిలో పరీక్ష దరఖాస్తుల కవర్లు రెండూ పోస్టులో వేసి రమ్మని అతని చేతికే ఇచ్చింది. పోస్టాఫీసు గుమ్మం దాకా రెండూ ఉన్నాయి. తనది డబ్బాలో వేశాడు. రెండోది వెయ్యబోతుంటే హెడ్మాస్టరుగారి నవ్వు చెవిలో మోగింది. రేపు వేద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు పదకొండు రోజులు సాగి గడువు దాటిపోయింది. కవరు అతని బీరువాలో పాత అట్లాసులో, ఆఫ్రికా పటం దగ్గర నిద్రపోతోంది.

మర్నాడు ఆదివారం. గుడిలో ప్రార్థనకి తయారై వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళిన కృపానందం గుమ్మంలోనే ఆగిపోయాడు. లీలావతి మూతలన్నీ నేల మీద బోర్లించి, గోరువెచ్చని నీళ్ళతో తడిపి, చీటీలు ఒక్కొక్కటీ చిరక్కుండా ఊడదీస్తోంది. పక్కన ఆరబెట్టి, యుగానికొక కట్టగా దారంతో కడుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"ఇవి మీకండీ. నోట్సు మొయ్యక్కర్లేదు, జేబులో పడతాయి. కోటిపల్లి రేవులో పడవ కోసం కూర్చున్నప్పుడు చూసుకోవచ్చు. నేను రాయకపోతే పోయింది, మనింట్లో ఒకళ్ళైనా మంచి క్లాసులో ప్యాసవ్వాలి."

ఆ మాటకి సంతోషించాల్సింది పోయి, అతనికి ఒళ్ళు తెలియని కోపమొచ్చింది.

"ఎవరడిగారు నిన్ను? నీ చీటీల దయతో ప్యాసవ్వాలా నేను? నీకంటే ముందు చదివినవాణ్ణి నేను!"

"ఏంట్రా ఆ కసురుడు?" అంటూ దీనమ్మ చేతిలో బైబిలుతో గుమ్మంలోకి వచ్చింది. "రాత్రి మెతుకు ముట్టలేదు ఆ పిల్ల. నీకోసమే కదా చేస్తుంది. చూస్తన్నా, ఏడాది నుంచీ చూస్తన్నా. ఆ పిల్ల గెలిస్తే నీకేం పోయిందిరా?"

కృపానందం తల్లి ముఖం చూడలేకపోయాడు. గిరుక్కున తిరిగి గదిలోకి వెళ్ళాడు. గుడికి వెళ్ళిపోవచ్చు. ఎవరూ అడగరు. ఎప్పటికీ తెలియదు. కానీ వంటింట్లో తడి చేత్తో ఆమె కడుతున్న ఆ కట్టలు జేబులో వేసుకుని కాకినాడ ఎలా వెళ్తాడు? బీరువా తీసి అట్లాసు పట్టుకొచ్చి, కవరు తీసి చీటీల మధ్య పెట్టాడు.

"నువ్వు ఫోటో మర్చిపోలేదు లీలా. సంతకమూ మర్చిపోలేదు. నేనే వెయ్యలేదు. ఓర్వలేక."

 దీనమ్మ గుమ్మంలోనే చతికిలబడి, "ప్రభువా," అంది.

లీలావతి కవరు తిప్పి చూసుకుంది. తన దస్తూరీ. అంటించిన తపాలా బిళ్ళల మీద పోస్టాఫీసు ముద్ర లేదు.

"నాకెక్కువ మార్కులొచ్చేయని," అంది మెల్లగా. "ఆ మార్కులెలా వచ్చేయో ఎప్పుడైనా అడిగేరా? మీరు పెరట్లో కొబ్బరిచెట్ల కింద తిరుగుతూ పైకి చదివేవారు. గ్రీకులు, రోమన్లు, మంగోలులు, అన్నీ మీ గొంతులోనే విన్నాను. విన్నవి వంటలో మర్చిపోతానని మూతల కింద అంటించుకున్నాను. పరీక్షలో ప్రశ్న చూడగానే నాకు వినపడేది మీ గొంతేనండీ. ఆ అరవై ఒకటీ నావేననుకున్నారా మీరు?"

కృపానందం నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తనకంటే ముందు పరిగెత్తిందని ఎవరి మీద కుళ్ళుకున్నాడో, ఆ మనిషి ఏడాదంతా తన గొంతు వెంటే నడిచిందని ఇప్పుడు తెలిసింది.

"నేనూ పరీక్ష రాయను. ఆ టికెట్టు చింపేస్తాను."

"చింపకండి," అంది కఠినంగా. "అదొక భారం కూడా నా నెత్తిన పెట్టకండి. వెళ్ళి రాయండి."

ఆ చీటీలు మాత్రం ఇవ్వలేదు. నెల రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. అతను కాకినాడ వెళ్ళి రాసి, అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు.

లీలావతి సెప్టెంబరు పరీక్షలకి కట్టింది. ఈసారి కవరు అతనే వాల్తేరు పట్టుకెళ్ళి, యూనివర్సిటీ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆగస్టు నుంచీ వంటా అతనిదే. మూతలకి చీటీలు మళ్ళీ వచ్చాయి. ఆమె ముందుగదిలో చాప మీద కూర్చుంటే, అతను పొయ్యి దగ్గర్నుంచి మూత తీసి దేశం పేరు అరిచేవాడు. ఆమె తారీఖు చెప్పేది. ఉప్పు సరిపోయిందో లేదో దీనమ్మ చెప్పేది.

ఒకరోజు చారుకి ఇంగువ కోసం వెతికితే చిన్న డబ్బా కనిపించింది. మూత తీసి, చదవబోయి ఆగిపోయాడు.

"ఏ దేశమండీ? చదవరేం?" అని ముందుగదిలోంచి లీలావతి.

చీటీ మీద ఆమె దస్తూరీలో ఉంది: 1980 మార్చి 9, ఆదివారం. ఆయన తనంతట తాను నిజం చెప్పేరు.

"ఇది... పరీక్షలో రాదు కదా లీలా," అన్నాడు.

అటువైపు పుస్తకం మూసిన చప్పుడు.

"రాదండి."

"మరి నేను కవరు వెయ్యని తారీఖు రాయలేదేం?"

"అది గుర్తుండడానికి నాకు చీటీ అక్కర్లేదండీ," అంది లీలావతి. "ఇదే, ఎక్కడ మర్చిపోతానోనని రాసి పెట్టుకున్నాను."