పాత కంప్యూటర్ అడగని ప్రశ్న

చీఫ్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"పోస్ట్‌మాన్ పంపాడు. చీకటి పడగానే పడవలో వచ్చి మన ఒడ్డున దిగుతాడు. ఎక్కడ దిగేదీ ఇందులో ఉంది. మనకంటే ముందు వాళ్లకు తెలిసిందా, దిగేది శవమే."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ను గూఢచారి సెక్షన్‌లో అందరూ నీడ అంటారు. ఏళ్ల తరబడి శత్రువుల ముఠాలో మసలిన పోస్ట్‌మాన్ అతనికి ప్రాణస్నేహితుడు. మామూలుగానైతే ఆ మాటకు గుండె ఝల్లుమనాలి. ఝల్లుమనలేదు. బావ పోయిన దగ్గర్నుంచి అతని లోపల ఏదీ కదలడం లేదు. శ్మశానంలో కూడా కన్ను చెమ్మగిల్లలేదు. అందుకు సిగ్గయినా వేయలేదు.

డాక్టరు గుండెపోటని రాసిచ్చాడు. బావ చెవి వెనక కనిపించిన సూది గుర్తు సంగతి చీఫ్‌కూ నీడకూ మాత్రమే తెలుసు.

"మన ఆఫీసు కంప్యూటర్లో తెరవలేమా?" అడిగాడు నీడ.

"పెట్టగానే చెరిగిపోతుంది. కోడ్ విప్పే ప్రోగ్రామ్ మీ బావ రాసింది. అది ఆయన ఇంట్లో ఉన్న డొక్కు కంప్యూటర్ మీద తప్ప నడవదు. కొత్త మెషీన్ ఇస్తాను మొర్రో అంటే వినలేదు మహానుభావుడు. పాస్‌వర్డ్ మీ అక్కకొక్కరికే చెప్పాడు."

"ఆ డొక్కుకి పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు సార్. అది కొన్ననాటికి ఇవి పుట్టలేదు."

"దానికో కార్డుంది. లోపల బిగిస్తే చాలట. సీతాకోక ఎక్కడో వెతికి పట్టుకుంది. తనూ నీతో వస్తుంది."

సీతాకోక సెక్షన్‌లోకెల్లా అందగత్తె. ఎన్ని రాయబార కార్యాలయాల విందుల్లో ఎంతమంది నోళ్లు తెరిపించిందో ఆమెకే లెక్క తెలియదు. ఇవాళ మాత్రం కంప్యూటర్ రిపేరు కంపెనీ యూనిఫారం వేసుకుని, టూల్‌బ్యాగ్ భుజాన వేసుకుని నీడ వెంట మెట్లెక్కింది. ఆ యూనిఫారం కూడా ఆమెకే కుట్టినట్టుంది.

అక్క తలుపు తీసింది. ఇద్దరినీ చూసి పక్కకు జరిగింది. తమ్ముణ్ణి తిన్నావా అని అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ మాట అడగకపోవడం అదే మొదలు.

కంప్యూటర్ హాల్లో ఓ మూల, దుప్పటి కప్పుకుని ఉంది. నీడ దుప్పటి తీసి, క్యాబినెట్ స్క్రూలు విప్పాడు. లోపల దుమ్ము మందంగా పేరుకుని ఉంది. కార్డు స్లాట్‌లో కాస్త మొండికేసి, గట్టిగా నొక్కితే టక్కుమని కూర్చుంది. స్విచ్ వేశాడు. ఫ్యాన్ మూలిగింది. తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే తీరిగ్గా వచ్చాయి.

ఇప్పుడు ఆగుతుందని నీడకు తెలుసు. పాత కంప్యూటర్‌కు కొత్త సరుకు తగిలిస్తే అది ఆగి, ఇదెవరు, దీని డిస్క్ ఏదీ అని అడిగి తీరుతుంది. డిస్క్‌లోని డ్రైవర్ ప్రోగ్రామ్ ఒక్కసారైనా ఎక్కిస్తేగానీ కొత్తదాన్ని ఇంట్లోకి రానివ్వదు. బావ ఈ ఘర్షణ ఎన్ని ఆదివారాలు పడ్డాడో, పక్కన స్క్రూడ్రైవర్ అందిస్తూ నీడ ఎన్ని తిట్లు తిన్నాడో.

అది అడగలేదు. సరాసరి డెస్క్‌టాప్ వచ్చి కూర్చుంది.

నీడ కదలకుండా తెర వంక చూశాడు. డిస్క్ అడగలేదంటే డ్రైవర్ ముందే ఎక్కి ఉంది. అంటే ఈ కార్డునే ఎవరో ఇదివరకే తెచ్చి, ఇందులో బిగించి, పని చేస్తుందని చూసుకుని, మళ్లీ ఊడదీసుకుపోయారు. బావకు అలాంటి కార్డు లేదు.

కోపం వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. తెరకు తన వీపు అడ్డం పెట్టి, చల్లగా అన్నాడు.

"డ్రైవర్ డిస్క్ అడుగుతోంది. తెచ్చావా?"

"అడగకూడదే," అంది సీతాకోక. "అన్నీ ఎక్కించే..."

మాట అక్కడ ఆగిపోయింది. వెనక్కి తిరిగేసరికి ఆమె చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మూతి నీడ నుదుటి వైపు ఉంది. అందులోంచి వచ్చేది రంగు కాదని అతనికి తెలుసు.

"ఆ రోజు రిహార్సల్ చేసుకుందామని వచ్చాను," అందామె, ఆఫీసు సంగతి చెబుతున్నట్టు. "మీ బావ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేశాడు. నాకూ ఇష్టం లేదు. డ్రైవ్ పెట్టు."

పెట్టాడు.

"ఇప్పుడు మీరు పాస్‌వర్డ్ కొట్టండి. లేకపోతే మీ తమ్ముడు ఉండడు."

అక్క వచ్చి కీబోర్డు మీద నెమ్మదిగా కొట్టింది. తలెత్తి సీతాకోక మొహంలోకి చూసింది.

"ఆ రోజు ఆయన మంచినీళ్లు అడిగారా?"

"లేదు. క్షణంలో అయిపోయింది."

"సరే," అంది అక్క. ఆ గొంతులో ఏడుపు లేదు. "పాలు పొయ్యి మీదున్నాయి. ఆపి వస్తాను."

వంటింటికి ఇంకో దారి లేదని, కిటికీకి ఊచలున్నాయని సీతాకోకకు ముందే తెలుసు. తల ఊపి, మణికట్టున ఉన్న గడియారం బటన్ నొక్కింది. దాని అవతల ముఠా వింటోంది. తెర మీద అక్షరాలు మొదలయ్యాయి. ఆమె ముందుకు వంగి గడియారంలోకి చదివింది.

"పాత..."

వంటింట్లో మిక్సీ గుర్రుమంది. హాల్లో బల్బు డీలా పడింది. తెర చప్పున నల్లబడిపోయింది.

సీతాకోక చూపు తెర మీదికి పోయింది. నీడకు ఆ పాటి చాలు. స్క్రూడ్రైవర్ పిడి ఆమె మణికట్టు మీద పడింది. లిప్‌స్టిక్ పేలి గోడలో గుండు దిగింది. గడియారం పగిలింది. మరుక్షణం ఆమె చేతులు పవర్ కేబుల్‌తో కుర్చీకి కట్టేసి ఉన్నాయి.

మిక్సీ ఆగింది. అక్క గుమ్మంలోకి వచ్చింది.

"నేను మిక్సీ వేస్తే ఆ కంప్యూటర్ ఆరిపోతుందిరా. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆయన తిడుతూనే ఉన్నారు. ఎప్పుడూ మర్చిపోయి వేసేదాన్ని. ఇవాళ కావాలని వేశాను."

చెప్పి అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నీడ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తనకు మాత్రం ఏడుపు రాలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. తర్వాత లేచి, మరో కేబుల్ వెతికి తగిలించి, కంప్యూటర్‌ను మళ్లీ నిద్ర లేపాడు. అక్క కళ్లు తుడుచుకుని వచ్చి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టింది. ఈసారి మాట పూర్తయింది. పాత ఐస్ ఫ్యాక్టరీ వెనక రేవు. నీడ చీఫ్‌కు ఫోన్ చేశాడు.

చీకటి పడ్డాక చీఫే ఫోన్ చేశాడు. పోస్ట్‌మాన్ క్షేమంగా దిగాడు. దిగుతూనే బావ ఎలా ఉన్నాడని అడిగాడట. చీఫ్ చెప్పలేకపోయాడట. ఆ మాట విన్నాక నీడ అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు, ఇన్నాళ్లకు.

"రిపోర్టు రాస్తున్నాను," అన్నాడు చీఫ్. "వాడిన ఆయుధం ఏమిటని వేయమంటావ్?"

నీడ వంటింటి వైపు చూశాడు. గట్టు మీద మిక్సీ జార్‌లో పప్పు గింజైనా లేదు.

"మిక్సీ సార్. ఖాళీది."