కాళ్లు అందని బండి

‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అన్న బోర్డుకు సరిగ్గా కిందే కూర్చుంటుంది ఆమె. మోటార్‌సైకిళ్లు, స్కూటర్ల షోరూంలో బుకింగ్ కౌంటర్. నేను వారంలో మూడోసారి వెళ్లి ఎదురుగా కూర్చుంటే తల కూడా ఎత్తలేదు.

"బోర్డు చదివారా?"

"మూడుసార్లు చదివాను. రాత మారలేదు."

"మారదు కూడా."

మాది పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో. వచ్చినవాళ్లకు నవ్వొద్దని చెప్పడమే రోజంతా నా పని. ఈమెకు ఆ మాట చెప్పే అవసరమే రాదు.

"అసలు ఇష్టపడి బుక్ చేసిన బండి ఎందుకు వద్దంటున్నారు?"

సిగ్గు విడిచి చెప్పేశాను. "ఫ్రెండ్ దగ్గర అదే మోడల్ ఉందండీ. ఆదివారం నడిపాను. సిగ్నల్ దగ్గర ఆపి కాలు పెడితే నేల అందలేదు. బండితో సహా పక్కకి ఒరిగిపోయాను."

ఆమె పెన్ను ఆగింది. "దెబ్బలు తగిలాయా?"

"పరువుకి మాత్రమే."

పెదవి చివర ఏదో కదిలింది. నవ్వే అనడానికి ఆధారాల్లేవు.

ఆ డబ్బు అమ్మ పొదుపు చేసినది. ఇరవై ఆరేళ్లొచ్చినా అక్క స్కూటర్ వెనక కూర్చునే స్టూడియోకి వెళుతున్నాను. వచ్చే నెల అక్కకు బదిలీ. అడ్వాన్సు వస్తే ఒక పొట్టి స్కూటర్ నాది. రాకపోతే నడకే.

"రూల్స్‌కి ఒప్పుకుంటూ మీరే సంతకం పెట్టారు, చూడండి" అంటూ నా ఫారం ముందుకు తిప్పింది.

చూశాను. నా సంతకం కింద ఇంకో గడి కనిపించింది. ‘కస్టమర్‌ను బండి మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనడం చూశాను. ఆనకపోతే బుకింగ్ చెల్లదు.’ పక్కన టిక్కు, దాని పక్కన ఆమె సంతకం.

బుక్ చేసిన రోజు బండెక్కినప్పుడు నేను మునివేళ్ల మీద ఉన్నాను. అయినా టిక్కు పడింది!

మేనేజర్ గది పదడుగుల దూరం. ఈ కాగితం పట్టుకెళితే చాలు. కానీ మొన్న నేను ఎదురుచూస్తుంటే ఆమె ఫోన్‌లో ఎవరికో చెప్పడం విన్నాను, వచ్చే వారమే ఉద్యోగం పర్మనెంట్ చేస్తారని. ఎంత సంబరంగా చెప్పిందో!

ఫారం వెనక్కి జరిపాను. "పోనీలెండి. నడక ఆరోగ్యానికి మంచిది."

బయటికొస్తే వాన. మెట్ల మీద నిలబడ్డాను. వెనకాలే ఆమె వచ్చింది.

"మీరు ఆ టిక్కు చూశారు కదా?"

"ఫోటోలు తీసేవాణ్ణి. అన్నీ చూస్తాను. అన్నీ ప్రింటు వెయ్యను."

ఆమె నా వంక ఒక క్షణం చూసి, తిన్నగా మేనేజర్ గదిలోకి నడిచింది. అద్దాల్లోంచి ఆయన లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం కనిపించాయి.

పది నిమిషాలకు తిరిగొచ్చింది. "రేపటికల్లా మీ అకౌంట్‌లో పడుతుంది."

"మరి మీ ఉద్యోగం?"

"ఉంది. పర్మనెంట్ మూడు నెలలు వెనక్కి వెళ్లింది. కాళ్లు ఎందుకు చూడలేదని అడిగారు. రష్‌లో మర్చిపోయానని చెప్పాను."

"ఆ రోజు అంత రష్‌గా ఉందా?"

"షోరూం మొత్తానికి మీరొక్కరే కస్టమర్." వాన వైపు చూస్తూ అంది. "కాళ్లు చూడాల్సినప్పుడు ముఖం చూశాను. సరిపోయిందా?"

నా నోటి నుంచి కూడా నిజమే వచ్చింది. "మీరు చూస్తున్నారనే మునివేళ్ల మీద సాగానండీ. పొడుగ్గా కనిపిద్దామని."

అప్పుడు నవ్వింది. కెమెరా తేనందుకు ఇప్పటికీ తిట్టుకుంటాను.

శనివారం పొట్టి స్కూటర్ కోసం అమ్మని, అక్కని తీసుకుని అదే షోరూంకి వెళ్లాను. నేను స్కూటర్ ఎక్కితే, కౌంటర్‌లోని ఆమె కింద కూర్చుని నా పాదాలు చూసింది. లేచి, మళ్లీ కూర్చుని చూసింది.

"మడమలు ఆనించండి. ఇంకోసారి."

మడమలు ఎప్పుడో ఆనాయి. అక్క నన్ను మోచేత్తో పొడిచింది.

"ఒక్కసారి చూస్తే చాలదా అమ్మా?" అంది అమ్మ.

"కిందటిసారి సరిగా చూడలేదండీ" అంది ఆమె, సిగ్గుతో ముఖం ఎర్రబడుతుంటే.

అమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. సంచి కౌంటర్ మీద పెట్టి, కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"అయితే నిదానంగా చూడు తల్లీ. మాకేం తొందర లేదు."