పెద్దరాళ్ల దగ్గర తెల్ల అంగీ

వేల్స్‌లోని మోన్ దీవిలో, సముద్రానికి ఎదురుగా మూడు నిలువు రాళ్లు, వాటి నెత్తిన ఒక బండ. చీకటిపడ్డాక అటు వెళ్లారంటే అంతే సంగతులని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. పాతకాలపు పూజారులు, ద్రూయిడ్లు, అక్కడ మనుషుల్ని బలిచ్చారట. ఆ యేడు గొర్రెలు కొండ దిగే రోజుల్లో, తెల్ల అంగీ తొడిగిన ద్రూయిడ్ ఒకడు ఆ బండ కింద మంత్రాలు చదువుతున్నాడని పుకారు లేచింది…

"గాడిదగుడ్డేం కాదూ!" అన్నాడు బడిపంతులు ఇద్వల్, పబ్‌లో గ్లాసు దించుతూ. "ఆ రాళ్లు నిలబెట్టిన వేల ఏళ్లకు గానీ ద్రూయిడ్లు పుట్టనేలేదురా. దెయ్యమైతే మాత్రం చరిత్ర తెలియొద్దూ?"

"అయితే ఇప్పుడే పదండి మాస్టారూ," అన్నాడు కమ్మరి హ్యూ. "మొన్న ఆ కవిని కడిగేసినట్టు దీన్నీ కడిగేద్దురు గాని."

అందరూ పగలబడి నవ్వారు. ఊరి కవిసభకు పద్యాలన్నీ మారుపేర్లతోనే వస్తాయి. తీర్పరి వేదికెక్కి వాటి మంచిచెడ్డలు చెప్పాలి. ఈసారి తీర్పరి మాస్టారే, ఆ నోటికి తాళం వేసేదెవరు? 'ఒంటరి పిట్ట' పేరుతో వచ్చిన పద్యాన్ని చీల్చి చెండాడాడు. "ఇది వింటే రాళ్లు కూడా లేచి పారిపోతాయి," అన్నాడు. ముందు వరసలో కూర్చున్న మాస్టారి తమ్ముడు, గొర్రెల కాపరి మెర్విన్, అందరికంటే గట్టిగా నవ్వాడు.

గాలి… చీకటి… లాంతరు పట్టుకుని ఇద్వల్ ముందు నడిచాడు. పొలం గట్టు దగ్గర హ్యూ వాళ్ల కాళ్లు ఆగిపోయాయి.

"మీరు వెళ్లండి మాస్టారూ… మేం ఇక్కడే ఉంటాం."

ఒక్కడే వెళ్లాడు. బండ కింద తెల్లగా ఏదో కదిలింది. గొణుగుడు… ఇద్వల్ చెవులు రిక్కించాడు. ఇంకో అడుగు వేశాడు —

"మీరు లేచి పారిపోతారన్నాడు మా అన్నయ్య," అంటోంది ఆ గొంతు, రాళ్లతో. "పారిపోలేదుగా… అయితే మళ్లీ వినండి."

మెర్విన్! పెద్ద సభల్లో గెలిచిన కవులు తొడిగే తెల్ల అంగీలా, ఇంట్లోని దుప్పటి చుట్టుకుని, 'ఒంటరి పిట్ట' పద్యం చదువుతున్నాడు. తను ఎగతాళి చేసిన పాదాలే. ఆ గొంతులో వింటుంటే ఇద్వల్‌కు కళ్లు చెమర్చాయి. ఆ మాటన్న నోరు పడిపోతే బాగుండునన్నంత సిగ్గేసింది.

"మాస్టారూ! ఏమైంది? వస్తున్నాం ఉండండి!"

గట్టు మీద లాంతర్లు కదిలాయి. వాళ్లొస్తే తమ్ముణ్ణి చూస్తారు. ఊరు రెండోసారి నవ్వుతుంది.

ఇద్వల్ తన లాంతరు ఆర్పేశాడు. "దెయ్యం! బాబోయ్ దెయ్యం… పారిపోండి!" అని గావుకేక పెట్టి, బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

పొద్దున్నే రొట్టెకు వెన్న రాస్తూ మెర్విన్ ఓరగా చూశాడు. "దెయ్యాన్ని చూసి పరుగెత్తావటగా అన్నయ్యా! ఊరంతా ఒకటే నవ్వు."

"అవున్రా." ఇద్వల్ తలెత్తలేకపోయాడు. "కానీ… ఆ దెయ్యం పద్యం చాలా బాగుంది. నాకే వినడం రాలేదు."

మెర్విన్ చేతిలో చాకు ఆగిపోయింది.